మందు మానడానికి మీటింగులు: ఏఏ, స్మార్ట్, లైఫ్‌రింగ్, ఇంకా మిగతావి, మనకి ఏది కుదురుతుంది?

మందు మానేద్దాం, ఒక్కళ్ళ వల్ల కావట్లేదు, నలుగురు కూర్చునే మీటింగుకి వెళ్తే ఏమన్నా పని జరుగుతుందేమో అని ఆలోచన వచ్చినవాళ్ళు చాలామంది ముందు చేసే పని ఫోన్ పట్టుకుని ఏ గ్రూపు మంచిదో వెతకడం. ఒకడు ఏఏ తప్ప ఇంకో దారే లేదంటాడు, ఇంకొకడు అదంతా భజన బ్యాచ్ అంటాడు, మూడోవాడు స్మార్ట్ అంటాడు, అవన్నీ చదివి తల వాచిపోయి ఎక్కడికీ వెళ్ళకుండానే ఆ వారం గడిచిపోతుంది, సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ గ్లాసు దగ్గరే.

నేను చెప్పేది ఒకటే, సంస్థల్ని కాదు మీటింగుల్ని పోల్చుకోండి. ఒకే పేరు మీద నడిచే రెండు గ్రూపులు ఒకదానికొకటి అస్సలు పోలిక లేకుండా ఉంటాయి, ఒకచోట అంతా పెద్దవాళ్ళు, సీరియస్‌గా పుస్తకం చదువుకుంటూ ఉంటారు, ఇంకోచోట నవ్వులే నవ్వులు. ఈ వారం మీరు నిజంగా వెళ్ళగలిగేది, వచ్చే వారం కూడా వెళ్ళగలిగేది ఏదైతే అదే ప్రస్తుతానికి మీకు మంచిది, సిద్ధాంతం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అయితే ఇంకా దేన్నీ పోల్చకముందే ఒక విషయం చూసుకోవాలి. రోజూ గట్టిగా తాగేవాళ్ళు, పొద్దున్నే చేతులు వణికి ఒక పెగ్గు పడితేగానీ ఆగనివాళ్ళు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళు మీటింగు కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అలాంటివాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులు దాటాక కొంతమందికి లేనివి కనపడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం, జ్వరం, గుండె దడ మొదలవుతాయి, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది. మీటింగులో కూర్చున్నవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా దాన్ని ఆపలేరు. డాక్టర్ చూసి మాత్రలిచ్చి ఆ నాలుగు రోజులు గట్టెక్కించాక మీటింగులు, లేదా రెండూ ఒకేసారి.

ఇప్పుడు ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో యాక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ పీకలదాకా తాగినవాళ్ళే. తాగాలనిపించి పిచ్చెక్కుతున్నప్పుడు తనలాంటి ఇంకో తాగుబోతుతో కూర్చుని మాట్లాడితే ఆ పూట గడిచిపోతుంది అని తెలుసుకోవడం నుంచే మొత్తం వ్యవహారం పుట్టింది, మానడానికి ఒక్కొక్కటిగా చేసే పన్నెండు పనులు, వాటినే మెట్లు అంటారు, వాళ్ళ పుస్తకం, అన్నీ తర్వాత వచ్చినవే. చేరడానికి కావాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే, ఫీజు లేదు, ఫారం లేదు. మీటింగులో ఒక బుట్టో డబ్బానో తిప్పుతారు, రూము అద్దెకీ టీకీ అనమాట, కొత్తగా వచ్చినవాళ్ళు ఏమీ వేయక్కర్లేదు. బయటివాళ్ళిచ్చే విరాళాలు కూడా తీసుకోరు. చాలాసార్లు చర్చి హాల్లోనో ఆసుపత్రి గదిలోనో స్కూల్లోనో జరుగుతుంది కాబట్టి వాళ్ళదే అనుకుంటారు, కాదు, గది మాత్రమే వాళ్ళది.

లోపల ఏం జరుగుతుందో తెలియకే సగంమంది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తారు, అందుకని చెప్తున్నా. దాదాపు గంట ఉంటుంది. ఆ రోజు నడిపే మెంబరు ఒక చిన్న పరిచయం చదువుతాడు, తర్వాత ఎవరో పన్నెండు మెట్లు చదువుతారు. ఒక్కొక్కళ్ళు తమ పేరు, అదీ మొదటి పేరే, చెప్పి నేను ఆల్కహాలిక్‌ని అంటారు, మిగతావాళ్ళంతా ఒకేసారి హాయ్ అంటారు, మొదటిసారి వినేవాళ్ళకి కాస్త స్కూలు అసెంబ్లీలా అనిపిస్తుంది, పట్టించుకోకండి. తర్వాత షేరింగ్. మాట్లాడేవాళ్ళు తమ సంగతే చెప్తారు, ఒకళ్ళు మాట్లాడాక ఇంకొకళ్ళు దానికి సలహా ఇవ్వడం, నువ్వలా చేసుండాల్సింది అనడం ఉండదు, దాన్నే క్రాస్‌టాక్ అంటారు, చాలా గ్రూపుల్లో ఒప్పుకోరు. మీ వంతు వస్తే ఈ రోజు వింటానండీ అంటే చాలు, పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది, ఎవరూ ఎందుకని అడగరు. చాలాచోట్ల తాగకుండా ఇన్ని రోజులు, ఇన్ని నెలలు అయినవాళ్ళకి చిప్ అని ఒక బిళ్ళ ఇస్తారు, ఈ రోజే మొదలుపెట్టేవాళ్ళకి కూడా ఒకటి ఉంటుంది. చివర్లో ఒక చిన్న ప్రార్థన, నోరు కదపకపోయినా ఎవరూ ఏమీ అనరు.

దేవుడి గొడవ దగ్గరే చాలామంది ఆగిపోతారు. నిజం చెప్పాలంటే మెట్లలో దేవుడు ఉన్నాడు, లేడని చెప్పడం అబద్ధం అవుతుంది. కాకపోతే మీరు అర్థం చేసుకున్న దేవుడు అని రాసుంటుంది, కొంతమంది ఆ గ్రూపునే తమకంటే పెద్ద శక్తి అనుకుని ఏళ్ళ తరబడి తాగకుండా ఉన్నారు. నాస్తికుల కోసం విడిగా నడిచే ఏఏ మీటింగులు కూడా ఉన్నాయి, లిస్టులో సెక్యులర్ అని ఉంటుంది. అయినా సరే ఒంటికి పడదు అనుకుంటే పట్టుబట్టి కూర్చోవాల్సిన పనిలేదు, వేరేవి ఉన్నాయి.

స్మార్ట్ రికవరీ అందులో పెద్దది. 1994లో ఈ పేరుతో మొదలైంది. దేవుడు లేడు, మెట్లు లేవు, నేను ఫలానా అని ముద్ర వేసుకోవడం లేదు, స్పాన్సర్ అని వెన్నంటి ఉండే పాత మెంబరు లేడు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనలు మార్చుకుని అలవాట్లు మార్చుకునే చికిత్సలో, వాడే పద్ధతుల్ని మామూలు మనుషులు కూడా వాడుకునేలా టూల్స్‌గా తయారుచేశారు. మానాలన్న పట్టుదల నిలబెట్టుకోవడం, తాగాలన్న కోరిక వచ్చినప్పుడు తట్టుకోవడం, ఆలోచనల్నీ కోపతాపాల్నీ చూసుకోవడం, బతుకు ఒక బ్యాలెన్స్‌లో పెట్టుకోవడం, ఈ నాలుగింటి చుట్టూనే మాటలన్నీ. నడిపేవాళ్ళు ట్రైనింగ్ తీసుకున్న ఫెసిలిటేటర్లు, వాళ్ళు ఒకప్పుడు తాగినవాళ్ళే అయ్యుండాలని రూలేమీ లేదు. అక్కడ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవచ్చు, ప్రశ్నలు వేసుకోవచ్చు. మందు ఒక్కటే కాదు, డ్రగ్స్, జూదం, అన్ని అలవాట్లవాళ్ళూ ఒకే గదిలో ఉంటారు, కొంతమందికి అది నచ్చదు, నా గోల వీడికేం తెలుస్తుంది అనిపిస్తుంది.

వాళ్ళ టూల్స్‌లో ఒకటి చెప్తా, రుచి తెలుస్తుంది. ఒక కాగితం నాలుగు గళ్ళు చేయాలి. తాగితే నాకేం లాభం, తాగితే ఏం నష్టం, మానితే ఏం లాభం, మానితే ఏం నష్టం. మొదటి గడి దగ్గర అందరూ తడబడతారు, లాభం ఏముంటుందండీ అని బుద్ధిమంతుల్లా ఖాళీ వదిలేస్తారు, కానీ ఫెసిలిటేటర్ వదలడు, లాభం లేకపోతే ఇన్నేళ్ళు ఎందుకు తాగావు అంటాడు, అప్పుడు బయటికి వస్తాయి, నిద్ర పడుతుంది, బాసు మీద కోపం తగ్గుతుంది, ఫ్రెండ్స్‌తో కూర్చున్నప్పుడు నోరు పెగులుతుంది. తర్వాత ప్రతి దాని పక్కనా ఇది ఇప్పటికి మాత్రమేనా ఎప్పటికీ ఉండేదా అని రాయాలి. తాగితే వచ్చే లాభాలన్నీ దాదాపు రెండు గంటలవే అని తన చేత్తో తనే రాసుకుంటాడు మనిషి. లెక్క చూపిస్తేగానీ ఒప్పుకోని స్వభావం ఉన్నవాళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది. అదే రాత్రి పదింటికి ఒంటరిగా ఉండి ఎవరికో ఒకరికి ఫోన్ చేయాలి అనిపించినప్పుడు మాత్రం కాగితం ఎత్తి మాట్లాడదు, ఆ విషయంలో ఏఏ వాళ్ళదే పైచేయి, అక్కడ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం మొదటి రోజు నుంచే ఉంటుంది, స్పాన్సర్ అని ముందు నుంచి మానేసి ఉన్న ఒక మనిషి మీ కోసం ఉంటాడు.

లైఫ్‌రింగ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది అనుకోవచ్చు. దేవుడి ప్రస్తావన లేదు, హోంవర్కు కూడా పెద్దగా లేదు, ఈ వారం ఎలా గడిచింది అని అడుగుతారు, మీరు చెప్తారు, పక్కవాళ్ళు స్పందిస్తారు, వచ్చే వారం ఏమేం గండాలున్నాయి, పెళ్ళా పార్టీనా టూరా, దానికి ఏం ప్లాన్ అని మాట్లాడుకుంటారు. పూర్తిగా మానడమే లక్ష్యం, అందులో రాజీ లేదు. ఇబ్బందల్లా నేరుగా వెళ్ళే మీటింగులు చాలా తక్కువచోట్ల ఉంటాయి, ఎక్కువ మంది ఆన్‌లైన్‌లోనే కలుస్తారు.

ఆడవాళ్ళకి విడిగా విమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది, 1975లో జీన్ కర్క్‌ప్యాట్రిక్ అనే సోషియాలజిస్టు పెట్టారు. అహంకారం అణుచుకో అని చెప్పడం మగవాళ్ళకి పనికొస్తుందేమోగానీ, అప్పటికే సిగ్గుతో తప్పు చేశానన్న భావంతో కుంగిపోయిన ఆడమనిషికి కావాల్సింది దానికి సరిగ్గా ఉల్టా అని ఆవిడ వాదన. పదమూడు వాక్యాలు రోజూ చదువుకుంటారు, పరిచయం చేసుకునేటప్పుడు నేను సమర్థురాలిని అని చెప్పుకుంటారు. ఏఏలో కూడా ఆడవాళ్ళకి మాత్రమే అని నడిచే మీటింగులు ఉంటాయి, మొదటిసారి వెళ్ళే ఆడవాళ్ళకి నేను వాటినే చెప్తాను, కారణం కిందకి వచ్చాక రాస్తా. ధ్యానం ఇష్టమున్నవాళ్ళకి రికవరీ ధర్మ ఉంది, బుద్ధుడు చెప్పిన దారిలో, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని తర్వాత మాట్లాడుకోవడం, 2019లో మొదలైంది.

పూర్తిగా మానను, తగ్గించుకుంటాను అనేవాళ్ళకి మోడరేషన్ మేనేజ్‌మెంట్ అని ఒకటి ఉంది, 1994 నాటిది. దాంట్లో కూడా మొదట 30 రోజులు ఒక్క చుక్క ముట్టకుండా ఉండమంటారు. ఆ 30 రోజులు ఉండలేకపోతే తగ్గించుకోవడం మన కేసు కాదని అక్కడే తేలిపోతుంది. పొద్దున్నే వణుకు వచ్చేవాళ్ళకి ఇది కాదు, వాళ్ళే ఆ మాట చెప్తారు. దీన్ని వంక పెట్టుకుని ఇంకో ఏడాది తాగేవాళ్ళు ఎక్కువ, ఇది నా అభిప్రాయం.

ఇంతకీ ఏది పనిచేస్తుంది? వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తేల్చే కోక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2020లో 27 అధ్యయనాలు, 10,565 మందిని కలిపి చూశారు. ఏఏకి పద్ధతి ప్రకారం అలవాటు చేసే చికిత్స తీసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత అసలు తాగకుండా ఉన్నవాళ్ళు దాదాపు 42 శాతం, వేరే చికిత్సలు తీసుకున్నవాళ్ళలో 35 శాతం. ఏఏ అంటే భజన అని కొట్టిపారేసేవాళ్ళు ఈ నంబరు చూడాలి. అలాగని ఏఏ వాళ్ళు కాలరెగరేయక్కర్లేదు, అక్కడ పోల్చింది థెరపీలతోగానీ స్మార్ట్, లైఫ్‌రింగ్ లాంటి వాటితో కాదు. వాటిని పక్కపక్కన పెట్టి చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2018లో వచ్చింది, అందులో తేలింది ఏంటంటే ఏ గ్రూపు అనే దానికంటే ఆ గ్రూపులో ఎంత గట్టిగా పాలుపంచుకున్నారు, పూర్తిగా మానాలి అనే లక్ష్యం పెట్టుకున్నారా లేదా అనేవే ఎక్కువ తేడా తెచ్చాయి. పాలుపంచుకోవడం అంటే వెనక బెంచీలో కూర్చుని లేచి రావడం కాదు, కుర్చీలు వేయడమో, టీ పెట్టడమో, తలుపు దగ్గర నిలబడి కొత్తవాళ్ళకి చేయి ఇవ్వడమో, ఒక మనిషికి ఫోన్ చేయడమో. కుర్చీలు వేసే పని ఒప్పుకున్నవాడికి ఆ వారం ఎగ్గొట్టడం కష్టం, ట్రిక్కంతా అక్కడే ఉంది.

వెతకడం సంగతి. ఏఏకి మీటింగ్ గైడ్ అని ఫ్రీ యాప్ ఉంది, దగ్గర్లో ఉన్నవి టైమ్‌తో సహా చూపిస్తుంది. ఆన్‌లైన్ మీటింగుల లిస్టు వాళ్ళ ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ సైట్‌లో ఉంటుంది, ఏ అర్ధరాత్రి చూసినా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఒకటి నడుస్తూనే ఉంటుంది. స్మార్ట్, లైఫ్‌రింగ్ వాళ్ళ సైట్లలో కూడా వెతుక్కునే పేజీలున్నాయి. లిస్టులో ఓపెన్ అని ఉంటే ఎవరైనా రావచ్చు, అన్నో చెల్లో తోడు రావచ్చు, చదువుకునే స్టూడెంట్లు కూడా వస్తారు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకి, మానాలనుకునేవాళ్ళకి మాత్రమే. నాకు ఇంకా సమస్య ఉందో లేదో తెలియట్లేదు అనేవాళ్ళు ఓపెన్‌తో మొదలుపెట్టండి. స్పీకర్ మీటింగ్ అయితే ఒకరిద్దరు తమ కథ చెప్తారు, మీరు వినడమే, నోరు తెరవాల్సిన భయం లేదు, బిగినర్స్ అని ఉంటే ఇంకా మంచిది. స్టెప్ మీటింగు, బుక్ స్టడీ అన్నవి మొదటి రోజుకి కాస్త భారం. ఒక హెచ్చరిక, లిస్టులు పాతబడిపోతుంటాయి, గుండె చిక్కబట్టుకుని వెళ్తే తాళం వేసుంటుంది, అంత దూరం వెళ్ళి అలా తిరిగొచ్చే మనిషి నేరుగా వైన్‌షాపుకే పోతాడు, కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి, లేదా అదే టైముకి ఒక ఆన్‌లైన్ మీటింగు లింకు జేబులో పెట్టుకుని వెళ్ళండి.

ఆన్‌లైనా నేరుగానా అంటే మొదటి అడుగుకి ఆన్‌లైన్, నిలబడటానికి నేరుగా, నా లెక్క ఇది. ఆన్‌లైన్‌లో కెమెరా ఆఫ్ చేసి చివరిదాకా వినొచ్చు, ఊళ్ళో ఎవరన్నా చూస్తారేమో అన్న భయం ఉండదు. కాకపోతే లాగిన్ అయ్యేముందు పేరు చూసుకోండి, ఆఫీసు అకౌంట్‌తో జాయిన్ అయితే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఒక్కోసారి కంపెనీ పేరు కూడా స్క్రీన్ మీద పడుతుంది, దాన్ని మొదటి పేరుకో ఒక అక్షరానికో మార్చుకోండి, ఇంట్లో గోడలు పల్చగా ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. నేరుగా వెళ్ళే మీటింగులో అసలు పని మీటింగుకి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు జరుగుతుంది, చెప్పులేసుకుంటూ నిలబడి మాట్లాడుకునే ఆ మాటలు ఆన్‌లైన్‌లో రావు, లీవ్ బటన్ నొక్కగానే మళ్ళీ మీ గదిలో మీరొక్కరే.

తాగి ఉన్నప్పుడు వెళ్ళొచ్చా అని అడుగుతుంటారు. చాలా గ్రూపుల్లో గెంటేయరు, గొడవ చేయకుండా కూర్చుంటే చాలు, ఆ రోజు మాట్లాడకుండా వినమంటారు. బండి మాత్రం నడుపుకుంటూ వెళ్ళకండి. మధ్యలో మళ్ళీ తాగేసినా సరే తిరిగి వెళ్ళొచ్చు, ఎవరూ లెక్చర్ ఇవ్వరు, ఆ గదిలో చాలామంది అలా తిరిగొచ్చినవాళ్ళే. ఒక్క మీటింగు చూసి తీర్పు చెప్పేయకండి, అదే గ్రూపుకి రెండు మూడు సార్లు, పేరు అదే అయినా వేరే గ్రూపుకి ఒకసారి వెళ్ళి చూడండి. 90 రోజుల్లో 90 మీటింగులు అనే మాట వినపడుతుంది, అది రూలు కాదు, మొదటి మూడు నెలలు చాలా ప్రమాదం కాబట్టి పుట్టిన మాట. చేయగలిగితే మంచిదే, ఉద్యోగం పిల్లలు ఉన్నవాళ్ళు వారానికి రెండుతో మొదలుపెట్టినా తప్పులేదు.

పారిపోవాల్సిన గుర్తులు కూడా తెలుసుకోవాలి. తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలో డిప్రెషన్ మాత్రలో వాడుతుంటే అవి ఆపేయి, మాత్ర మింగితే మానినట్టు కాదు అని ఎవరైనా అంటే వినకండి, ఏఏ సొంత పాంఫ్లెట్‌లోనే మెంబర్లు డాక్టర్ వేషం వేయకూడదు అని ఉంది. అప్పు అడిగేవాడు, తన వ్యాపారంలో చేర్చుకునేవాడు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడొద్దు అనేవాడు స్పాన్సర్‌గా పనికిరాడు. కొత్తగా వచ్చిన ఆడపిల్లల చుట్టూ తిరిగే పాత మెంబర్లు అక్కడక్కడా ఉంటారు, మీటింగుల్లో దీనికి పదమూడో మెట్టు అని వెటకారంగా పేరు కూడా ఉంది, అందుకే స్పాన్సర్‌ని ఆడవాళ్ళు ఆడవాళ్ళనే, మగవాళ్ళు మగవాళ్ళనే పెట్టుకోమంటారు, ఆడవాళ్ళ మీటింగుతో మొదలుపెట్టమని నేను పైన అన్నది కూడా దీనికే. ఇంకోటి, అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి అని అందరూ అంటారు, ఎక్కువమంది నిలబెట్టుకుంటారు కూడా, కానీ వాళ్ళు లాయర్లూ డాక్టర్లూ కాదు కదా, చట్టం అడ్డం ఉండదు, కోర్టు కేసుల్లాంటి సంగతులు అందరి ముందూ చెప్పకండి.

తాగే మనిషి రానంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి అనేది వేరే ప్రశ్న, దానికీ మీటింగులున్నాయి. అల్-అనాన్ 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ ఇంకొకావిడతో కలిసి పెట్టింది, టీనేజి పిల్లలకి అలటీన్ ఉంది. అక్కడ చెప్పేది ఆయన్ని మాన్పించే బాధ్యత నీది కాదు, నీ బతుకు నువ్వు చూసుకో అని. స్మార్ట్ వాళ్ళ ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ మీటింగుల్లో ఇంకో రకం, క్రాఫ్ట్ అనే పద్ధతి నుంచి తీసుకున్నవి నేర్పిస్తారు, తాగి వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి, తాగని రోజు ఏం చేస్తే ఆ రోజులు పెరుగుతాయి, చికిత్స మాట ఏ సమయంలో ఎత్తాలి అని. ఏళ్ళ తరబడి పోరి పోరి అలిసిపోయినవాళ్ళకి అల్-అనాన్, ఇంకా ఏదో ఒకటి చేసి చూడాలి అనే ఓపిక ఉన్నవాళ్ళకి రెండోది. ఇంట్లో కొట్టడం దాకా వస్తే మాత్రం ఈ రెండూ కాదు, ముందు అక్కడి నుంచి బయటపడే దారి చూసుకోవాలి.